పైగాలి పీల్చే చేపకు గాజు గిన్నె చాలదు

ఆదివారం ఉదయం మా కాలనీ చేపల బజారులో కొర్రమీనులు అమ్మే ఆమె ముందు ఒక వెడల్పాటి అల్యూమినియం బేసిను ఉంటుంది. అందులో నాలుగు వేళ్ళ లోతు నీరు, ఆ నీటిలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్న పది పన్నెండు చేపలు. మధ్యాహ్నం దాకా అవి అలాగే ప్రాణంతో ఉంటాయి. కొనేవారికి ఆ ప్రాణమే నాణ్యతకు హామీ కనుక దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. అంతమాత్రాన కొర్రమీను బేసినులో సుఖంగా ఉందని కూడా ఎవరూ అనరు. కొర్రమీనులాగే నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే లక్షణమున్న మరో చిన్న చేప గురించి అక్వేరియం దుకాణంలో అదే మాట చెబితే మాత్రం మనం తలూపి డబ్బు తీస్తాం. నేనూ తీశాను.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకు ఒక గాజు గిన్నె, అందులో వేయడానికి రెండు చేపలు కొందామని హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న దుకాణానికి వెళ్ళాను. గోల్డ్‌ఫిష్‌ను గిన్నెలో పెంచకూడదని అప్పటికే ఎక్కడో చదివి ఉన్నందువల్ల, చాలా తెలివిగా అడుగుతున్నాననుకుంటూ, గిన్నెలో బతికే చేప ఏదని అడిగాను. దుకాణదారు నీలం, ఎరుపు చారలున్న రెండు చేపలను చూపించి, “ఇది డ్వార్ఫ్ గౌరామి సార్, పైగాలి పీల్చుకుంటుంది, దీనికి పంపూ అక్కర్లేదు, ఫిల్టరూ అక్కర్లేదు, జత ఇచ్చేస్తాను తీసుకెళ్ళండి” అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ చేప పైగాలి పీల్చుకుంటుందన్నది అక్షరాలా నిజం. ఆ నిజం మీద కట్టిన రెండో వాక్యమే తప్పు, ఆ తప్పు ఆయన ఒక్కడిదీ కాదు. చిన్న గౌరామిల గురించి మన ఊళ్ళలో చెలామణి అయ్యే సలహాల్లో సగం ఆ రెండో వాక్యం మీదే నిలబడి ఉన్నాయి.

మొదటి చేప తొమ్మిదో రోజున పోయింది. రెండోది మూడో వారంలో రంగు వెలిసిపోయి, పొట్ట ఉబ్బి, గిన్నె అడుగున ఒక పక్కకు ఒరిగింది. మా అమ్మాయి అప్పటికే వాటికి పేర్లు పెట్టేసింది.

అసలు ఈ పైగాలి సంగతేమిటో చూద్దాం. గౌరామి తలలో, మొప్పలకు కాస్త పైన, రెండు పక్కలా చిన్న గది ఒకటి ఉంటుంది. మొదటి మొప్ప ఎముక నుంచి పెరిగిన పలుచని రేకులు అందులో మడతలు మడతలుగా అమరి ఉంటాయి, వాటి మీద సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న పొర ఉంటుంది. చేప నీటి పైకి వచ్చి నోటితో ఒక గుక్క గాలి అందుకుంటే ఆ గాలి ఈ మడతల మధ్య నిలిచి, అందులోని ఆక్సిజన్ రక్తంలో కలుస్తుంది. దారి తప్పించే మలుపులతో ఉంటుంది కనుక దీన్ని లాబిరింత్ అవయవమన్నారు. కొర్రమీనుకు, మట్టగిడసకు కూడా ఇలాంటి ఏర్పాటే కాస్త సాదాగా ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను, మా ఇంట్లో ఉన్న వేలెడు గౌరామి జంతుశాస్త్రం లెక్కలో దూరపు చుట్టాలే. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడంతో ప్రాణవాయువు అడుగంటిపోయే వెచ్చని నిలవనీటిలో, మిగతా చేపలు తేలిపోయే వేళ, ఇవి తట్టుకుని నిలబడడానికి ఈ అవయవమే కారణం.

అయితే ఈ అవయవం చేసే పని ఒక్కటే, ఆక్సిజన్ తీసుకోవడం. చేప శరీరంలో తయారయ్యే అమ్మోనియా బయటికి పోవలసింది ప్రధానంగా మొప్పల గుండానే, అది చేరేది చుట్టూ ఉన్న నీటిలోకే. ఊపిరి పైనుంచి తెచ్చుకున్నా ఒళ్ళంతా నీటిలోనే ఉంటుంది కదా. అయిదు లీటర్ల గిన్నెలో రెండు చేపలు తిన్న మేత, తినక మిగిలి కుళ్ళిన మేత, వాటి విసర్జన అన్నీ కలిసి రెండు మూడు రోజుల్లోనే ఆ నీటిని మొప్పలను కాల్చే ద్రవంగా మారుస్తాయి. కంటికి మాత్రం నీరు తేటగానే కనిపిస్తుంది. నేను మోసపోయింది ఆ తేటదనం చూసే.

ఇందులో మా ఊరి నీటికి ప్రత్యేకమైన పాత్ర ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయనిది, రెండోది విషం. ఏది ఎంత ఉంటుందన్నది చాలావరకు నీటి పీహెచ్ మీద, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషరూపం వాటా సుమారు పది రెట్లవుతుంది, నీరు వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీరు బకెట్ల అంచున తెల్లటి చార కట్టేంత కఠినమైనది, పరీక్షించినప్పుడల్లా పీహెచ్ 8కి కాస్త అటూ ఇటూగా చూపుతుంది. అంటే, మెత్తని నీరున్న ఊళ్ళో ఎవరో గిన్నెలో చేపను ఆరు నెలలు బతికించారన్న కథ నిజమే అనుకున్నా, మే నెల హైదరాబాద్‌లో బోరు నీటితో అదే ప్రయోగం అంతకాలం సాగదు.

ఇక్కడ ఫిల్టరు పని ఏమిటో మనలో చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నాం. బుడగలు వస్తాయి కనుక అది చేపకు ఊపిరి ఇచ్చే యంత్రమని, గౌరామికి సొంత ఊపిరి ఉంది కనుక అది అనవసరమని లెక్క వేస్తాం. నిజానికి అది ఆ ఇంటికి డ్రైనేజీ వంటిది. స్పాంజిలో స్థిరపడిన ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరో రకం ఆ నైట్రైట్‌ను దానికంటే చాలా తక్కువ హాని చేసే నైట్రేట్‌గాను మారుస్తాయి. చివరికి మిగిలిన నైట్రేట్‌ను మొక్కలు కొంత వాడుకుంటాయి, మిగతాది మనం వారానికోసారి నీరు మార్చి పారబోస్తాం. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణంలో ట్యాంకూ చేపలూ ఒకే సంచిలో ఇచ్చి పంపే ఆచారం చేపల ప్రాణం మీదికి తెస్తున్నది ఈ మొదటి వారాల దగ్గరే.

“వరిచేలలో, బురదగుంటల్లో పుట్టి పెరిగే చేపకు ఇంత రాజభోగమా?” అని మా బావగారు ఒకసారి అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ చేను లోతు తక్కువైనా వైశాల్యం ఎంత? ఎకరం చేలో నాలుగు అంగుళాల నీరు నిలిస్తే అది నాలుగు లక్షల లీటర్ల పైమాట. ఆ నీటి అడుగున బ్యాక్టీరియా నిండిన మట్టి, నీటి నిండా అమ్మోనియాను ఆవురావురుమని పీల్చే వేళ్ళు ఉంటాయి. గుంటలో తక్కువగా ఉండేది ఆక్సిజన్. గిన్నెలో ఎక్కువయ్యేది విషం. మొదటిదాన్ని తట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన సాధనాన్ని చూపించి రెండోదాన్ని కూడా తట్టుకుంటుందని చెప్పడం, బాగా ఈత వచ్చినవాడికి నిప్పు అంటుకోదని చెప్పడం లాంటిది.

ఇక ఆ “జత” సంగతి. డ్వార్ఫ్ గౌరామిలో నీలం, ఎరుపు రంగులు మగచేపకే. ఆడది వెండి రంగులో, అంతగా కంటికి ఆనకుండా ఉంటుంది కనుక దుకాణాలకు వచ్చేవి దాదాపు అన్నీ మగవే. రంగు రంగుల రెండు చేపలను ఏరి జత అని ఇస్తే అవి ఒకే రాజ్యానికి పోటీపడే ఇద్దరు రాజులన్నమాట. నా గిన్నెలో పెద్దది రెండోదాన్ని రోజంతా తరిమింది. అది పారిపోవడానికి గుండ్రటి గిన్నెలో మూల అంటూ లేదు. మేము దాన్ని ఆట అనుకుని మురిసిపోయాం.

డ్వార్ఫ్ గౌరామి విషయంలో నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. పౌడర్ బ్లూ, నియాన్, ఫ్లేమ్ అంటూ రంగుల కోసం తరతరాలుగా ఏరి, పెద్ద పెంపకకేంద్రాల్లో లక్షలుగా ఉత్పత్తి చేసే ఈ చేపల్లో ఒక ఇరిడోవైరస్ పాతుకుపోయింది. చేప మేత మానేస్తుంది, రంగు తగ్గుతుంది, ఒంటి మీద పుండ్లు పడతాయి, పొట్ట ఉబ్బుతుంది. దానికి మందు లేదు. 2003లో ఆస్ట్రేలియాలో ఒక పెంపకకేంద్రంలోని మర్రే కాడ్ అనే తినే చేపలు పెద్దసంఖ్యలో చనిపోయినప్పుడు, వాటిలో దొరికిన వైరస్ డ్వార్ఫ్ గౌరామిలలోని వైరస్‌తో దాదాపు ఒకటేనని అక్కడి పరిశోధకులు గుర్తించారు. నా రెండో చేప చావుకు వైరసే కారణమని నేను అనను. దాన్ని చంపడానికి నా గిన్నె నీరు చాలు. కానీ మొదటిసారి చేపలు పెంచబోయేవారి చేతిలో, ఏ తప్పూ చేయకపోయినా చచ్చిపోయే అవకాశమున్న చేపను పెట్టడం సరైన పని కాదని మాత్రం గట్టిగా అంటాను.

నా మాట వింటే, ఇంటికి తెచ్చుకోవలసిన చిన్న గౌరామి హనీ గౌరామి. నేను దాన్ని తేనె గౌరామి అని పిలుచుకుంటాను. అయిదు సెంటీమీటర్లకు మించి సాధారణంగా పెరగదు, స్వభావం సాధువు. ఇది మన దేశపు చేప; గంగ, బ్రహ్మపుత్ర నదుల మైదానాలు, బంగ్లాదేశ్, నేపాల్ దీని స్వస్థలం. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వెలువరించిన గ్రంథంలో దీన్నీ, డ్వార్ఫ్ గౌరామినీ కూడా మొదటిసారి వర్ణించాడు. ఆయన పెట్టిన శాస్త్రీయ నామాల్లోని చునా, లాలియస్ అనే మాటల వెనుక ఉన్నవి అక్కడి బెంగాలీ పేర్లు. నేటికీ బెంగాలీలు వీటిని చునా ఖోల్షే, లాల్ ఖోల్షే అంటారు. తమాషా ఏమిటంటే, తేనె గౌరామిలో మగ ఆడ చేపలు ఒకదానికొకటి ఎంత వేరుగా కనిపించాయంటే ఆయన వాటిని రెండు వేర్వేరు జాతులనుకుని రెండు పేర్లు పెట్టాడు. ఇంతటి దేశవాళీ చేపను నేను కొన్న దుకాణంలో “ఇంపోర్టెడ్” అని రాసిన తొట్టిలో ఉంచారు. గౌరామి అన్న పేరు మలయ్, జావా భాషల నుంచి వచ్చింది కనుక చేప కూడా అక్కడిదే అనుకున్నారేమో.

కొనేటప్పుడు ఒకటి రెండు విషయాల్లో జాగ్రత్త పడాలి. సన్‌సెట్ పేరుతో నారింజ రంగులో కనిపించేవి కొన్నిసార్లు తేనె గౌరామిలు కావు, వాటి కంటే పెద్దగా పెరిగే దళసరి పెదవుల గౌరామిలు. ఇంకా ప్రమాదకరమైనది జెయింట్ గౌరామి పిల్ల; దుకాణంలో మూడు అంగుళాలుండి ముద్దుగా కనిపించే ఆ చేప రెండు అడుగులు దాటి పెరుగుతుంది, దాని అసలు ఉపయోగం జావాలో భోజనానికి.

తేనె గౌరామి మీద ఉన్న ఒకే ఒక ఫిర్యాదు, దుకాణంలో అది ఎండుగడ్డి రంగులో వెలవెలబోతూ కనిపిస్తుందని. నిజమే. దిగులుతో, దిక్కులు చూస్తూ, ఒక మూల నక్కి ఉంటుంది. మొక్కలున్న ట్యాంకులో రెండు మూడు వారాలు గడిచాక చూడాలి దాన్ని. మా మగచేపకు ఒంటి మీద తేనెరంగు చిక్కబడి, గొంతు నుంచి పొట్ట కింది దాకా కాటుక పూసినట్టు నలుపు దిగింది, వీపు రెక్క అంచు పసుపుపచ్చగా వెలిగింది. ఆ రోజు నుంచి అది ఆడచేప ముందు నిటారుగా నిలబడి తన నల్లని పొట్ట చూపించడం మొదలుపెట్టింది.

ఆ వారమే గూడు కట్టింది. మా ఊరి చెరువు నుంచి తెచ్చి, నత్తగుడ్లు లేకుండా నాలుగు నీళ్ళు కడిగి వేసిన అంతరతామర ఆకు కిందికి చేరి, పైకి వెళ్ళి గాలి అందుకోవడం, ఆకు కిందికి వచ్చి నోటితో ఒక్కో బుడగ వదలడం, మళ్ళీ పైకి వెళ్ళడం. జిగురు పూత ఉండడం వల్ల ఆ బుడగలు పగలవు. సాయంత్రానికి అరచేతిలో సగమంత నురగ తయారైంది. గుడ్లలో నూనె ఉండడంతో అవి తమంతట తామే పైకి తేలతాయి. దారి తప్పినదాన్ని తండ్రి నోట కరుచుకుని నురగలో ఊదుతుంది. ఆడచేపను ఇక దరిదాపులకు రానివ్వదు. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పిగిలి, వెలుగుకు అడ్డంగా చూస్తే తప్ప కనిపించని వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు నురగకు వేలాడాయి. వాటికి మన మేత ఏదీ నోట పట్టదు. ఎండు వరిగడ్డి నానబెట్టిన నీటిలో పుట్టే సూక్ష్మజీవులను చుక్కలు చుక్కలుగా పోశాను. వందకు పైగా పుట్టి ఉంటాయి, నేను పెంచగలిగినవి పదకొండు.

ఆ పిల్లలే నాకు పైగాలి గురించి అసలు పాఠం చెప్పాయి. గౌరామి పిల్లకు పుట్టుకతో లాబిరింత్ ఉండదు. కొన్ని వారాల వయసులో ఏర్పడుతుంది. ఆ దశలో నీటి పైనున్న గాలి చల్లగా, పొడిగా తగిలితే పిల్లలు రాలిపోతాయి. అందుకే ట్యాంకుకు మూత ఉండాలి, మూతకూ నీటికీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోని గాలి నీటితో సమానంగా వెచ్చగా, తేమగా ఉండాలి. పెద్దచేపలకు కూడా ఇది మంచిదే. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, మూత లేని గిన్నెలో ఈ చేపను ఉంచేవారు దాని పైగాలి గుణాన్ని నమ్ముకుని ఆ పైగాలినే పాడు చేస్తున్నారన్న సంగతి గమనించరు.

ట్యాంకు విషయంలో నా సలహా పెద్దదేమీ కాదు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న మామూలు రెండడుగుల ట్యాంకు తీసుకుంటే లెక్కకు 56 లీటర్లు పడుతుంది, ఇసుక, ఖాళీ పోను 45 లీటర్ల నీరు మిగులుతుంది. నీటి బరువు, గాజు బరువు కలిపి ఆలోచించి బల్ల ఎంచుకోవాలి. టీవీ కింది పలుచని చెక్క అరకు అది ఆగదు. అందులో ఒక మగ, రెండు ఆడ తేనె గౌరామిలు హాయిగా ఉంటాయి. గాలి పంపుకు తగిలించే స్పాంజి ఫిల్టరు సరిపోతుంది, అదే మేలు కూడా, ఎందుకంటే ప్రవాహం ఎక్కువుంటే గూడు నిలవదు. ముదురు రంగు ఇసుక, దట్టంగా మొక్కలు, పైన సగం తేలే ఆకులు. మిగతా సగం మాత్రం ఖాళీగా ఉంచాలి, లేకపోతే చేప పైకి వచ్చి గాలి అందుకోలేదు. డిసెంబరు రాత్రుల్లో మా ఇంట్లో నీరు 20 డిగ్రీలకు పడిపోతుంది కనుక 26 దగ్గర నిలిపే చిన్న హీటరు పెట్టాను. వారానికి పావువంతు నీరు మారుస్తాను. బోరు నీటిలో సగం మంచినీళ్ళ కుళాయి నీరు కలిపి, క్లోరిన్ విరిచే మందు వేసి పోస్తాను.

తోడు చేపల విషయంలో ఒక్క మాట చాలు: టైగర్ బార్బ్‌లను వద్దనండి. గౌరామి పొట్ట కింద వేలాడే రెండు దారాల్లాంటి రెక్కలు దానికి చేతివేళ్ళు, నాలుక రెండూ. వాటితోనే తడిమి రుచి తెలుసుకుంటుంది. ఆ దారాలను కొరకడమే బార్బ్‌లకు కాలక్షేపం.

“మా ఇంట్లో సీసాలో ఏడాది బతికింది” అనేవారు ప్రతి సంభాషణలోనూ ఒకరుంటారు. నేను వారితో వాదించడం మానేసి, ఆ చేప ఎన్నాళ్ళు బతకవలసిందో మాత్రం చెబుతున్నాను: బాగా చూసుకుంటే తేనె గౌరామి నాలుగైదు ఏళ్ళు ఉంటుంది. ఖర్చు మాట తీసేవారికి కూడా ఒక జవాబుంది. గిన్నె చవకే, కానీ నెలకు రెండు చేపల చొప్పున కొంటూ పోతే ఏడాది తిరిగేసరికి ట్యాంకు ఖరీదు దాటిపోతుంది, పైగా పిల్లలకు ప్రతి నెలా ఒక చావు చూపించినట్టవుతుంది.

పెంచలేకపోతే చెరువులో వదిలేస్తే పోలేదా, మన దేశపు చేపే కదా అని కూడా కొందరంటారు. గంగ పరివాహకం మనది కాదు, మన చెరువు దానిది కాదు. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేపను మన ఆక్వా రైతులు “దెయ్యం చేప” అని తిట్టుకోవడం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. దానంత హాని ఈ వేలెడు చేప చేయకపోవచ్చు, కానీ ట్యాంకులో పెరిగిన చేపతో పాటు దాని రోగాలు కూడా చెరువులోకి వెళతాయి.

పదకొండు పిల్లల్లో మూడింటిని మా కింది అంతస్తులోని ఎనిమిదో తరగతి కుర్రాడు అడిగాడు. ఇస్తానన్నాను, కానీ నెల రోజులు ఖాళీ ట్యాంకు నడపాలన్నాను. రోజూ చిటికెడు మేత వేసి, అది కుళ్ళనిచ్చి, నా పాత స్పాంజిని పిండిన నీళ్ళు పోసుకుని, పరీక్షగొట్టంలో నీటిని పట్టుకుని సాయంత్రం పూట మెట్లెక్కి వస్తాడు. అమ్మోనియా చూపించే ద్రావణం పోయిన వారమే పసుపుపచ్చగా నిలిచింది, అంటే సున్నా. నైట్రైట్‌ది మాత్రం నిన్న సాయంత్రం కూడా ఊదా రంగుకే తిరిగింది. “ఇంకా ఎన్ని రోజులు అంకుల్?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ట్యాంకు ముందు గొంతుక్కూర్చుని, మూడు చేపలను వేలితో చూపిస్తూ ఏవి తనవో మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.